చుట్టూ ఒకే పొరుగు: లెసోతో, దక్షిణాఫ్రికా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పోటీ పరీక్షలకు చదివినవాళ్ళకి లెసోతో ఒక బిట్టు. "పూర్తిగా మరో దేశం లోపలే ఉన్న దేశాలు ఏవి?" అంటే వాటికన్, శాన్ మారినో, లెసోతో అని టిక్కు పెట్టి ముందుకు వెళ్ళిపోతాం. మొదటి రెండూ ఇటలీలో ఉన్న చిన్న చుక్కలు. మూడోది అలా కాదు. రాజు, సైన్యం, నదులు, డ్యాములు, తుపాకుల యుద్ధాలు అన్నీ ఉన్న దేశమది. నూట యాభై ఏళ్ళకు పైగా ఒకే పొరుగుతో పోట్లాడుతూ, అదే పొరుగు మీద బతుకుతోంది. ఈ సంగతి ఎత్తినప్పుడల్లా వినిపించే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను.

లెసోతో ఎంత దేశం? ఎలా ఉంటుంది?

విస్తీర్ణం 30,355 చదరపు కిలోమీటర్లు. కేరళ కంటే చిన్నది. జనాభా దాదాపు 23 లక్షలు. అంతా కొండలే. దేశంలో అన్నిటికన్నా పల్లపు చోటు కూడా సముద్రమట్టానికి 1,400 మీటర్ల పైనే ఉంటుంది. ఎత్తైన శిఖరం తబానా న్ట్లెన్యానా 3,482 మీటర్లు. ఆఫ్రికా అంటే ఎండలే గుర్తొస్తాయి కదా, ఇక్కడ జూన్, జూలైల్లో మంచు పడుతుంది. గుర్రం మీద, భుజాన మందపాటి ఉన్ని దుప్పటి కప్పుకుని వెళ్ళే మనిషి ఈ దేశానికి గుర్తు.

పడమటి అంచున మొహొకరే నది పారుతుంది. తెల్లవాళ్ళు దానికి కాలెడన్ అని పేరు పెట్టారు. రాజధాని మసేరు ఆ నది ఒడ్డునే ఉంది. వంతెన దాటితే దక్షిణాఫ్రికాలోని ఫ్రీ స్టేట్ రాష్ట్రం. ఈ నది పేరు గుర్తుపెట్టుకోండి, గొడవంతా దీని అవతలి ఒడ్డు గురించే.

పేరు ఎలా పలకాలి?

అక్కడివాళ్ళు "లెసూటూ" అంటారు. మన పత్రికలు రాసేది లెసోతో కాబట్టి ఇక్కడా అదే రాస్తున్నాను. జనాన్ని బసోతో అనీ, భాషను సెసోతో అనీ అంటారు. 2025 మార్చిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ తమ పార్లమెంటులో దీన్ని "ఎవరూ పేరు కూడా వినని దేశం" అని వెక్కిరించాక చాలామంది మొదటిసారి మ్యాప్ తీసి చూశారు. ఆ లెక్కన కొంత మేలే జరిగింది.

ఒక దేశం కడుపులో ఇంకో దేశం ఎలా మిగిలింది?

దీనికి జవాబు ఒక మనిషి, ఒక కొండ. ఆ మనిషి మొష్వేష్వే. 1786 ప్రాంతంలో ఒక చిన్న తెగ పెద్ద ఇంట్లో పుట్టాడు. అసలు పేరు లెపొఖో. కుర్రతనంలో పొరుగు నాయకుడి పశువులను తోలుకొచ్చి, అతని గడ్డం నున్నగా గీసేసినంత పని చేశానని చెప్పుకున్నాడట. కత్తి గీసే చప్పుడే "ష్వే, ష్వే". పేరు అలా నిలిచిపోయింది.

1820లలో ఆ ప్రాంతమంతా అల్లకల్లోలం. యుద్ధాలు, కరువు, వలసలు. బసోతో ఆ కాలాన్ని లిఫాఖానే అంటారు. 1824లో మొష్వేష్వే తన జనాన్ని వెంటబెట్టుకుని తాబా బొసియు అనే కొండ ఎక్కాడు. ఆ మాటకు "రాత్రి కొండ" అని అర్థం. పగలు మామూలుగా కనిపించే కొండ రాత్రయ్యేసరికి పెరుగుతుందని శత్రువులను భయపెట్టేవారు. నిజానికి దానికి అంత మాయ అక్కర్లేదు. చుట్టూ నిటారు చరియలు, పైకి ఎక్కే దారులు కొన్నే, పైన చదునుగా పచ్చిక, నీటి ఊటలు. పశువులను పైకి తోలుకెళ్ళి కూర్చుంటే నెలల తరబడి తట్టుకోవచ్చు.

కొండతో పాటు ఆయన బుర్ర కూడా పనిచేసింది. 1831లో న్డెబెలె అనే మరో జాతి సైన్యం దాడి చేసి, ఎక్కలేక వెనుదిరిగింది. అప్పుడు మొష్వేష్వే వాళ్ళ వెనకాలే కొన్ని ఎద్దులు పంపాడు. ఆకలితో వచ్చి ఉంటారు, దారిలో తినండి అని కబురు. వాళ్ళు మళ్ళీ ఆ వైపు రాలేదు. ఎక్కడెక్కడినుంచో చెదిరిపోయి వచ్చినవాళ్ళకు పశువులిచ్చి, చోటు చూపించి తనవాళ్ళను చేసుకున్నాడు. 1833లో ఫ్రెంచి మిషనరీలు వచ్చారు. మతం కన్నా ముందు వాళ్ళలో ఆయనకు కనిపించింది తెల్లవాళ్ళ భాషలో ఉత్తరాలు రాసిపెట్టగల మనుషులు. వాళ్ళలో ఒకడైన కసాలిస్ చాలా ఏళ్ళు ఆయన పక్కనే ఉండి విదేశీ వ్యవహారాలు చూశాడు. తుపాకులు, గుర్రాలు కూడా అప్పుడే సంపాదించడం మొదలుపెట్టాడు.

బోయర్లతో గొడవ దేని గురించి?

భూమి గురించి. బోయర్లంటే దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ డచ్చి సంతతి రైతులు. బ్రిటిష్ పాలన నచ్చక 1830లలో ఎద్దుబండ్లు కట్టుకుని ఉత్తరానికి బయలుదేరారు. మొహొకరే లోయ నల్లమట్టి, మంచి గడ్డి. ఆగారు. పశువులు మేపుకుంటామని అడిగారు. సరేనన్నాడు మొష్వేష్వే.

చిక్కంతా ఆ "సరే" అన్న మాటలోనే ఉంది. బసోతోకి మఫిసా అనే ఆచారం ఉంది. నాయకుడు తన ఆవును ఒకరికి పెంపకానికి ఇస్తాడు. పాలు వాళ్ళవి, పని వాళ్ళది, ఆవు మాత్రం నాయకుడిదే. భూమి కూడా అంతే, వాడుకోవచ్చు గానీ కొనడం, అమ్మడం ఉండదు. బోయరు లెక్క వేరు. దున్నాను, ఇల్లు కట్టాను, కాబట్టి నాది, కాగితం రాసిస్తే నా కొడుకుది. వాళ్ళ పశువులు మేసుకోవడానికి తాను అభ్యంతరపెట్టలేదనీ, నేల మాత్రం తనదేననీ మొష్వేష్వే తర్వాత పదేపదే చెప్పాల్సి వచ్చింది.

మధ్యలో బ్రిటిష్ వాళ్ళు దూరి 1849లో వార్డెన్ రేఖ అని ఒక గీత గీశారు. బోయర్లవైపు మొగ్గిన గీత అది. 1852 డిసెంబరులో జనరల్ కాత్‌కార్ట్ సైన్యంతో వచ్చి, మూడు రోజుల్లో పదివేల పశువులు, వెయ్యి గుర్రాలు జరిమానాగా కట్టమన్నాడు. యుద్ధం మాట ఎత్తకండి, కొడితే కుక్క కూడా పళ్ళు చూపిస్తుంది అన్నాడు మొష్వేష్వే. 3,500 పశువులు వచ్చాయి. గడువు దాటింది. బెరియా పీఠభూమి మీద పోరు జరిగింది. గుర్రాల మీది బసోతో యోధులు బ్రిటిష్ దళాలను ముప్పుతిప్పలు పెట్టారు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ రాత్రి మొష్వేష్వే ఏం చేశాడు? గెలుపు మీద ఉన్నవాడు మామూలుగా చేసే పని కాదు. అర్ధరాత్రి ఉత్తరం రాయించాడు. మీ బలం చూపించారు, మమ్మల్ని శిక్షించారు, ఇక చాలు, నన్ను రాణీగారి శత్రువుగా లెక్కపెట్టకండి అని. ఓడిపోయినట్టు తనే ఒప్పుకుని, అవతలివాడికి పరువుగా వెళ్ళిపోయే దారి ఇచ్చాడు. కాత్‌కార్ట్ ఆ దారి పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ కాలపు దౌత్యంలో దీనికి సాటి వచ్చే కాగితం నాకు ఇంకోటి కనబడలేదు.

1854లో బ్రిటన్ చేతులు దులుపుకుని బోయర్లకు ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అప్పగించింది. ఇక నేరుగా పోరే. 1858లో బసోతోదే పైచేయి. 1865లో మాత్రం బోయర్లు ఫిరంగులతో వచ్చారు. ఆ ఆగస్టులో తాబా బొసియు ఎక్కబోయి వాళ్ళ నాయకుడు లౌ వెపెనర్ చనిపోయాడు. కొండ లొంగలేదు, కానీ కింద పొలాలు తగలబెట్టారు, పశువులను తోలుకుపోయారు. తిండి లేకుండా కొండ మీద ఎన్నాళ్ళు కూర్చుంటారు? 1866లో సారవంతమైన నేలలో చాలా భాగం వదులుకుంటూ ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడే మళ్ళీ యుద్ధం.

1868 మార్చి 12న బ్రిటన్ బసోతో దేశాన్ని తన రక్షణలోకి తీసుకుంది. 1869లో అలీవాల్ నార్త్ ఒప్పందంతో సరిహద్దు ఖాయమైంది. మొహొకరేకి పడమటి నేల బోయర్లకే పోయింది. ఇప్పటికీ ఆ ప్రాంతాన్ని చరిత్రలో "జయించిన భూభాగం" అనే అంటారు. ఎవరు జయించారో చెప్పక్కర్లేదు. దేశానికి మిగిలింది కొండలు, వాటి అంచున సన్నని పల్లపు పట్టీ. 1870 మార్చి 11న మొష్వేష్వే కన్నుమూశాడు. బ్రిటిష్ రక్షణ దొరికి రెండేళ్ళు నిండటానికి ఒక్క రోజు తక్కువ.

బ్రిటిష్ వాళ్ళను తనే పిలవడమేంటి? అది లొంగిపోవడం కాదా?

మనకు ఇలా అనిపించడం సహజం. మన పాఠాల్లో బ్రిటిష్ వాడిని ఇంట్లోకి పిలిచిన రాజుకు మంచి పేరు ఉండదు. మొష్వేష్వే మాత్రం ఇరవై ఏళ్ళు లెక్క వేసి, లండన్ దూరం, బోయరు దగ్గర అని తేల్చుకున్నాడు. తన దేశం రాణీగారి దుప్పటి అనీ, తన జనం అందులో పేలనీ ఆయన అన్నట్టు చెబుతారు. వినడానికి వినయం. కానీ దుప్పటిలో చేరిన పేనును తీసెయ్యడం ఎంత కష్టమో అందరికీ తెలుసు.

రక్షణ ఊరికే రాలేదు. 1871లో బ్రిటన్ అడగకుండానే వీళ్ళను దక్షిణ కొసన ఉన్న తన వలస రాజ్యం కేప్ కాలనీకి తగిలించింది. బసోతో కుర్రాళ్ళు కింబర్లీ వజ్రాల గనుల్లో పనిచేసి, ఆ కూలి డబ్బుతో తుపాకులు కొనుక్కుని ఇంటికి తెచ్చుకునేవారు. 1880లో కేప్ ప్రభుత్వం ఆ తుపాకులన్నీ అప్పగించమంది. చెమటోడ్చి కొన్న తుపాకీ ఎవడిస్తాడు? 1880-81 తుపాకుల యుద్ధంలో కేప్ సైన్యం గెలవలేకపోయింది. తుపాకులు బసోతో చేతుల్లోనే ఉండిపోయాయి. ఖర్చు భరించలేక కేప్ వదిలేస్తే 1884లో లండన్ నేరుగా పాలనలోకి తీసుకుంది. వలస ప్రభుత్వంతో ఆయుధాల మీద పోరాడి ఆయుధాలు నిలబెట్టుకున్న ఆఫ్రికన్లు చాలా అరుదు.

నా మటుకు నాకు మొష్వేష్వే లెక్క తప్పలేదు. 1948 తర్వాత నది అవతల అపార్థీడ్ పేరుతో నల్లవాళ్ళను వేరుచేసి అణిచిన తీరు చూస్తే ఆ మాట అనక తప్పదు.

1910లో దక్షిణాఫ్రికాలో ఎందుకు కలిసిపోలేదు?

కలపాలనే అనుకున్నారు. దక్షిణాఫ్రికా యూనియన్ ఏర్పడిన చట్టంలోనే బసూటోలాండ్ (లెసోతోకి అప్పటి పేరు), బెచువానాలాండ్ (ఇప్పటి బోట్స్‌వానా), స్వాజిలాండ్ మూడింటినీ తర్వాత అప్పగించే ఏర్పాటు రాసిపెట్టారు. బసోతో నాయకులు ఒప్పుకోలేదు, లండన్ వాయిదా వేస్తూ వచ్చింది. అపార్థీడ్ మొదలయ్యాక ఇక బ్రిటన్ ముఖం చెల్లలేదు. 1966 అక్టోబర్ 4న లెసోతో స్వతంత్ర దేశమైంది.

స్వతంత్రం వచ్చాక అపార్థీడ్ ప్రభుత్వంతో ఎలా నెట్టుకొచ్చింది?

మొదట సర్దుకుపోయింది. తొలి ప్రధాని లెబువా జొనాథన్ దక్షిణాఫ్రికా ఇచ్చిన ధాన్యం పంచి ఓట్లు తెచ్చుకున్నాడని ప్రత్యర్థులు ఎత్తిపొడిచేవారు. స్వతంత్రానికి ముందు నెలలోనే వెళ్ళి దక్షిణాఫ్రికా ప్రధాని వెర్వూర్డ్‌ను కలిశాడు. 1970 ఎన్నికల్లో ఓడిపోతున్నానని తెలిసి ఫలితాలను రద్దు చేసి, రాజ్యాంగాన్ని పక్కన పెట్టాడు. అప్పుడు ప్రిటోరియా, అంటే దక్షిణాఫ్రికా ప్రభుత్వం, కళ్ళు మూసుకుంది.

తర్వాత ఇదే జొనాథన్ అడ్డం తిరిగాడు. ఇంట్లో పలుకుబడి తగ్గినవాడు బయట పేరు కోసం చూశాడని కొందరంటారు. అది కొంత నిజమే కావచ్చు, కానీ తెగించాడు. 1976లో దక్షిణాఫ్రికా తన నల్లజాతి జనాన్ని పౌరసత్వం నుంచి తప్పించడానికి తన నేలలోనే ఉన్న ట్రాన్స్‌కై ప్రాంతాన్ని "స్వతంత్ర దేశం" అని ప్రకటించింది. లెసోతో గుర్తించనంది. ఆగ్నేయ సరిహద్దు దార్లు మూతపడ్డాయి. ఆ డిసెంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి లెసోతోకి మద్దతుగా తీర్మానం చేసింది. అదే ఏడు జోహన్నెస్‌బర్గ్ పక్కన సోవెటోలో పోలీసులు విద్యార్థుల మీద కాల్పులు జరిపిన తర్వాత పారిపోయి వచ్చిన పిల్లలకు మసేరు ఆశ్రయం ఇచ్చింది. అపార్థీడ్ మీద పోరాడుతున్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకుడు క్రిస్ హానీ చాలా ఏళ్ళు మసేరులోనే ఉన్నాడు.

ఈ ఆశ్రయానికి 1982 డిసెంబర్ 9న వెల కట్టించుకున్నారు. తెల్లవారకముందే దక్షిణాఫ్రికా కమాండోలు మసేరులోకి వచ్చి, ఇళ్ళు వెతికి 42 మందిని చంపేశారు. 30 మంది దక్షిణాఫ్రికా వాళ్ళు, 12 మంది బసోతో. చచ్చిపోయినవాళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు. రాజు రెండో మొష్వేష్వే స్వయంగా భద్రతామండలికి వెళ్ళి మాట్లాడాడు. 1985 డిసెంబరులో ఇంకో దాడి, ఇంకో తొమ్మిది శవాలు. మరోపక్క లెసోతో ప్రతిపక్షం నుంచి పుట్టిన సాయుధ దళానికి దక్షిణాఫ్రికా నేల మీదే చోటు దొరికింది.

1986లో ఇరవై రోజుల్లో ప్రభుత్వం ఎలా కూలిపోయింది?

జనవరి 1న దక్షిణాఫ్రికా సరిహద్దు బిగించింది. మనుషులను, బండ్లను సోదాల పేరుతో గంటల తరబడి నిలబెట్టారు. పెట్రోలు, సరుకులు ఆగాయి. సముద్రం లేదు, రెండో పొరుగు లేదు. నేపాల్‌కి కనీసం ఉత్తరాన చైనా ఉంది, వీళ్ళకు అదీ లేదు. జనవరి 20న మేజర్ జనరల్ లెఖాన్యా సైనిక కుట్రతో జొనాథన్‌ను దించేశాడు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ కార్యకర్తలను విమానం ఎక్కించి పంపించారు. సరిహద్దు తెరుచుకుంది.

అదే ఏడు అక్టోబర్ 24న నీళ్ళ ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. ఇరవై ఏళ్ళకు పైగా నలిగిన ఒప్పందం, కుట్ర జరిగిన తొమ్మిది నెలలకు తేలింది.

ఆ నీళ్ళ ఒప్పందం ఏమిటి? ఎవరికి లాభం?

లెసోతో దగ్గర పొరుగుకి కావలసినది ఏదైనా ఉందంటే నీళ్ళే. కొండల్లో వాన, మంచు. సెంకూ నది (అవతల ఆరెంజ్ అంటారు) సహజంగా దక్షిణంగా, పడమరగా పోతుంది. నీళ్ళు కావలసిందేమో ఉత్తరాన జోహన్నెస్‌బర్గ్, ప్రిటోరియా నగరాలకు, గనులకు, కరెంటు ప్లాంట్లకు. అందుకని నదిని కొండల్లోనే ఆపి, కొండలు తొలిచి సొరంగాల్లో ఉత్తరానికి మళ్ళించారు. పంపులు అక్కర్లేదు, ఎత్తు నుంచి పల్లానికి వాటంతట అవే పోతాయి.

కాట్సే డ్యాము ఎత్తు 185 మీటర్లు, నిల్వ 195 కోట్ల ఘనపు మీటర్లు. మనకు అలవాటైన లెక్కలో దాదాపు 69 టీఎంసీలు. తర్వాత మొహాలే డ్యాము వచ్చింది. దారిలో మువేలా దగ్గర 72 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం. 1998 జనవరిలో నీళ్ళ సరఫరా లాంఛనంగా మొదలైంది. మొదటి దశలో ఏటా 78 కోట్ల ఘనపు మీటర్లు, అంటే 27 టీఎంసీలకు పైనే. ఇప్పుడు కడుతున్న పొలిహాలి డ్యాముతో అది 45 టీఎంసీల దాకా పెరగాలి.

నీళ్ళు మళ్ళించే పని ఖర్చంతా దక్షిణాఫ్రికాది. విద్యుత్తు ఖర్చు లెసోతోది. రాయల్టీ లెక్క తమాషాగా ఉంటుంది. ఇవే నీళ్ళను దక్షిణాఫ్రికా తన నేల మీదే కింద నుంచి పంపులతో తోడుకుంటే ఎంత అయ్యేదో లెక్కగట్టి, అందులో మిగిలిన డబ్బును పంచుకుంటారు. లెసోతోకి 56 శాతం, దక్షిణాఫ్రికాకి 44. కృష్ణా, గోదావరి తగాదాల్లో పుట్టిపెరిగిన మనకు రెండు దేశాలు ఇలా లాభం పంచుకోవడం కాస్త అసూయగానే అనిపిస్తుంది. అయితే దీన్ని ఒప్పుకున్నది ఓటు వేసి ఎన్నుకున్న ప్రభుత్వం కాదు, సైనిక ప్రభుత్వం.

అన్నీ సాఫీగానూ లేవు. పొలాలు, మేత బీళ్ళు మునిగిన కొండ ఊళ్ళవాళ్ళకి పరిహారం సరిపోలేదన్న గొడవ ఇప్పటికీ ఉంది. జలాశయం పక్కనే ఉండి తాగునీటికి ఊట దాకా నడిచే ఊళ్ళున్నాయి. ప్రాజెక్టు అధికారి మసూఫా సోలే లంచాల కేసులో 2002లో జైలుకెళ్ళాడు. ఆయనతో ఆగలేదు. లంచమిచ్చిన కెనడా కంపెనీ ఏక్రెస్‌కి కూడా లెసోతో కోర్టులోనే శిక్ష పడింది, 2004లో ప్రపంచబ్యాంకు దాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టింది. పెద్ద దేశాలు కూడా అప్పట్లో ఇంత ధైర్యం చెయ్యలేదు.

1998లో దక్షిణాఫ్రికా సైన్యం ఎందుకు వచ్చింది? అప్పటికి మండేలా పాలన కదా?

అవును, ఎక్కువమంది నమ్మలేని సంగతి ఇదే. 1998 మే ఎన్నికల్లో అధికార పక్షం దాదాపు 60 శాతం ఓట్లతో 80 సీట్లలో 79 గెలిచింది. మిగిలిన 40 శాతానికి దక్కింది ఒక్క సీటు. రిగ్గింగ్ అని ప్రతిపక్షాలు గోల పెట్టాయి. పిటిషన్ ఇవ్వడానికని వచ్చినవాళ్ళు రాజభవనం గేటు ముందే రోజుల తరబడి మకాం వేశారు. దక్షిణాఫ్రికా న్యాయమూర్తి పియస్ లాంగా విచారణ కమిటీ, ఫలితం మొత్తాన్ని కొట్టిపారేసేంత రుజువు లేదని తేల్చింది గానీ నివేదిక బయటికి రావడమే ఆలస్యమైంది. ఈలోగా చిన్న అధికారులు తిరగబడి పై అధికారులను నిర్బంధించారు. ప్రధాని మొసిసిలీ పొరుగు సాయం అడిగాడు.

సెప్టెంబర్ 22 తెల్లవారుజామున దాదాపు 600 మంది దక్షిణాఫ్రికా సైనికులు సరిహద్దు దాటారు. మండేలా దేశంలో లేడు, తాత్కాలిక అధ్యక్షుడు బుతెలేజీ. చిన్న దేశం కదా, మధ్యాహ్నానికల్లా అయిపోతుందని అనుకున్నట్టున్నారు. అవలేదు. లెసోతో సైనికులు ఎదురు తిరిగారు. ఒకపక్క కాట్సే డ్యాము దగ్గర కాపలా ఉన్న లెసోతో సైనికుల మీద దాడి జరిగింది, పదహారు మంది చనిపోయారు. దక్షిణాఫ్రికా వైపు కనీసం ఎనిమిది మంది పోయారు. బోట్స్‌వానా సైన్యం తర్వాత వచ్చి చేరింది. ఈలోపు మసేరు వీధుల్లో కోపం దక్షిణాఫ్రికా వాళ్ళ దుకాణాల మీదకు మళ్ళింది. ఆ తర్వాత ఎవరి దుకాణమన్న తేడా లేదు. లూటీ, మంటలు. నగరం నడిబొడ్డు కాలి బూడిదైంది.

అధికారికంగా ఇది ప్రాంతీయ కూటమి తరఫున ప్రజాస్వామ్యాన్ని కాపాడే పని. మొదటే డ్యాము దగ్గరకు ఎందుకు వెళ్ళారని ఇప్పటికీ మసేరులో అడుగుతారు. అడగడం న్యాయమే అంటాను. ఒక్క మంచి మార్పు వచ్చింది: 2002 నుంచి ఓట్ల నిష్పత్తిని బట్టి కూడా సీట్లు ఇస్తున్నారు.

ఆ తర్వాత?

సైన్యం బదులు మధ్యవర్తులు వస్తున్నారు. 2014 ఆగస్టులో కుట్ర భయంతో ప్రధాని థబానే రాత్రికి రాత్రి దక్షిణాఫ్రికాకు పారిపోతే అప్పటి దక్షిణాఫ్రికా ఉపాధ్యక్షుడు సిరిల్ రామఫోసా వచ్చి ముందస్తు ఎన్నికలకు ఒప్పించాడు. 2017లో లెసోతో సైన్యాధిపతి హత్య తర్వాత ప్రాంతీయ దళం దాదాపు ఏడాది ఉండి వెళ్ళింది.

రెండు దేశాల డబ్బు ఒకటేనా?

లెసోతో డబ్బు పేరు లోటి, ఒకటి కన్నా ఎక్కువైతే మలోటి. ఒక లోటి ఎప్పుడూ ఒక దక్షిణాఫ్రికా రాండ్‌కే సమానం. మసేరులో రాండ్ ఇచ్చి రొట్టె కొనుక్కోవచ్చు, చిల్లర మలోటిలో రావచ్చు. ఆ చిల్లర జేబులో వేసుకుని జోహన్నెస్‌బర్గ్ వెళితే మాత్రం చెల్లదు. సంబంధం ఎలాంటిదో ఆ చిల్లర చూస్తే తెలిసిపోతుంది. లెసోతో ప్రభుత్వ ఆదాయంలో పెద్ద ముక్క, దక్షిణాఫ్రికాతో కలిసి దిగుమతి సుంకాలు పంచుకునే 1910 నాటి కస్టమ్స్ యూనియన్ నుంచి వచ్చే వాటానే. దక్షిణాఫ్రికా దిగుమతులు తగ్గిన ఏడు మసేరులో బడ్జెట్‌కి టెన్షన్.

బసోతో జనం దక్షిణాఫ్రికాలో ఎందుకంత ఎక్కువ?

మంచి నేల పోయింది, కొండల మీద జొన్న, మొక్కజొన్న సరిపోవు, కాబట్టి మగవాళ్ళు గనులకు వెళ్ళారు. 1980లలో లక్షమందికి పైగా బసోతో అక్కడి బంగారు గనుల్లో ఉండేవారు. జీతంలో కొంత అక్కడ ఇవ్వకుండా ఇంటి దగ్గర చేతికి వచ్చేలా చట్టమే చేశారు. నెలలకు నెలలు మగవాళ్ళు లేని ఊళ్ళను నడిపింది ఆడవాళ్ళు. తర్వాత గనులు మూతపడుతూ వచ్చాయి. తిరిగొచ్చినవాళ్ళు వెంట తెచ్చుకున్నది సిలికోసిస్, రాతి ధూళితో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. 2019లో జోహన్నెస్‌బర్గ్ హైకోర్టు గని కార్మికులకు పరిహారం ఇచ్చే ఒప్పందాన్ని ఆమోదించింది. అప్పటికే చాలామంది పోయారు. ఇప్పుడు కొందరు మూసేసిన గనుల్లోకే దొంగచాటుగా దిగుతున్నారు. వాళ్ళను జామా జామా అంటారు.

ఇంకో సంగతి. సెసోతో మాట్లాడేవాళ్ళు లెసోతోలో కన్నా దక్షిణాఫ్రికాలోనే ఎక్కువ. మేనత్త అటు, మేనమామ ఇటు. పెళ్ళికో చావుకో వెళ్ళాలంటే పాస్‌పోర్టు మీద ముద్ర పడాలి. డిసెంబరులో గనులకు, ఫ్యాక్టరీలకు సెలవులిచ్చినప్పుడు మసేరు వంతెన దగ్గర వరస చూస్తే, ఇంటికెళ్ళడానికి దేశం దాటాల్సి రావడమంటే ఏమిటో అర్థమవుతుంది.

భారతీయులకు ఇందులో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, చేదు సంబంధం. ఆరెంజ్ ఫ్రీ స్టేట్ 1891లో భారతీయులు అక్కడ స్థిరపడకుండా, వ్యాపారం చెయ్యకుండా చట్టం చేసింది. అది 1980ల నడిమి దాకా నడిచింది. అంటే నాటాల్ చెరుకు తోటలకు కూలీలుగా వెళ్ళిన మన తెలుగువాళ్ళ మనవలకు కూడా ఫ్రీ స్టేట్‌లో ఇల్లు పెట్టుకునే హక్కు లేదు. అదే కాలంలో నది ఇవతల, ఉత్తర లెసోతోలో భారతీయ వర్తకులు దుకాణాలు నడుపుకున్నారు. ఇక ఇవాళ జోహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ళ కుళాయిల్లో కాట్సే నీళ్ళు కలిసే వస్తాయి.

దక్షిణాఫ్రికాలో కలిసిపోతే సరిపోదా?

అలా అడిగినవాళ్ళు లెసోతోలోనే ఉన్నారు. 2010లో కలిపెయ్యమంటూ వేల సంతకాలతో ఒక విజ్ఞప్తి వచ్చింది. ఎయిడ్స్ చావులు, ఉద్యోగాల కొరత దాని వెనక ఉన్న కారణాలు. 2023లో సరిగ్గా దీనికి తలకిందులుగా, మసేరు పార్లమెంటులో ఒక సభ్యుడు ఫ్రీ స్టేట్ మొత్తాన్నీ, ఇంకొన్ని రాష్ట్రాల్లో భాగాలనూ లెసోతోకి తిరిగి ఇవ్వాలని తీర్మానం పెట్టాడు. స్వతంత్రం నాటి సరిహద్దులను మార్చకూడదని ఆఫ్రికా దేశాలు 1964లోనే ఒప్పుకున్నాయి కాబట్టి అది జరిగే పని కాదు. కానీ ఆయనను వెర్రివాడని నవ్వినవాళ్ళు తక్కువ. నది ఒడ్డున నిలబడి అవతలి గోధుమ చేలు చూస్తూ పెరిగిన జనం వాళ్ళు.

అక్కడికి వెళ్ళాలంటే ఎలా?

దక్షిణాఫ్రికా మీదుగానే. విమానమైనా జోహన్నెస్‌బర్గ్‌లో మారాల్సిందే, రోడ్డయితే మసేరు వంతెనో, ఉత్తరాన ఫిక్స్‌బర్గో, తూర్పున కొండల్లో సానీ కనుమో. సానీ కనుమ ఎక్కడానికి ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉండాలి. వీసా పెట్టుకునేటప్పుడు దక్షిణాఫ్రికాకి మల్టిపుల్ ఎంట్రీ అడగడం మర్చిపోకండి. లెసోతో నుంచి ఇంటికి రావాలన్నా మళ్ళీ అందులోకే అడుగు పెట్టాలి.